స్కూల్ ఆర్కెస్ట్రాకి డబ్బు కట్టమంటున్నారు, కట్టాలా?

పద్మజ_ఈస్ట్‌బే
కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. మా అమ్మాయి ఆరో తరగతి, మామూలు పబ్లిక్ స్కూలు. నాలుగో తరగతి నుంచి స్కూల్ ఆర్కెస్ట్రాలో చెల్లో (వయోలిన్ లాంటిదే, పెద్దది, కూర్చుని వాయిస్తారు) వాయిస్తోంది. వాయిద్యం స్కూల్‌దే. ముప్పావు సైజుది, భుజం దగ్గర పెచ్చు ఊడి ఉంటుంది. కేసు మూత లోపల ఒక అట్టముక్క అంటించి ఉంది, ఇదివరకు దాన్ని వాయించిన పిల్లల పేర్లు ఒకదాని కింద ఒకటి. మొదటి పేరు పక్కన 1998 అని రాసి ఉంది. మాదానిది పదకొండో పేరు.

పోయిన వారం ఇంటికి కాగితం వచ్చింది. ఈ ఏడాది వాయిద్యం వాడుకున్నందుకు 180 డాలర్లు శుక్రవారం లోపల కట్టాలట, లేకపోతే వాయిద్యం తిరిగి ఇచ్చేయాలట. మేం కట్టగలం. కానీ మా అమ్మాయి పక్క కుర్చీలో కూర్చునే పిల్ల సోమవారం చెల్లో ఇచ్చేసింది. వాళ్లమ్మ ఆఫీసుల్లో క్లీనింగ్ పని చేస్తుంది. పిల్లలిద్దరూ ఆర్కెస్ట్రాలోనే, అంటే 360. ఆ రాత్రి అన్నం దగ్గర మా అమ్మాయి "అమ్మా, మా వరసలో ఇప్పుడు నేనొక్కదాన్నే" అంది. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. పబ్లిక్ స్కూల్లో ఇలా అడగొచ్చా?

సుబ్బు_సాన్‌హోసే
కట్టేయండి పద్మజ గారూ. బయట ప్రైవేటు క్లాసుకి రెండు నెలల్లో అంతకంటే ఎక్కువ పోస్తున్నాం. బడిలో మ్యూజిక్ టీచర్ ఉన్నందుకే సంతోషించాలి.

లెక్కల_లలిత
సుబ్బు గారూ, ఆవిడ అడిగింది తను కట్టగలనా అని కాదు, అడగొచ్చా అని. అడక్కూడదు. ఇది నా అభిప్రాయం కాదు, చట్టం.

1984లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు ఉంది, హార్ట్‌జెల్ వర్సెస్ కానెల్. శాంటా బార్బరాలో సంగీతం, నాటకం, ఆటలకి ఒక్కోదానికి 25 డాలర్లు పెట్టారు. ఒక తల్లి కోర్టుకెక్కింది. రాష్ట్ర రాజ్యాంగం ఉచిత విద్య అన్నప్పుడు అందులో ఇవీ వస్తాయి, ఫీజు చెల్లదని కోర్టు తేల్చేసింది. అయినా బళ్లు వసూలు చేస్తూనే ఉన్నాయని 2012లో ఇంకో చట్టం చేశారు. అందులో వాయిద్యం పేరే రాశారు. వాయిద్యం ఇవ్వడానికి డిపాజిట్ కూడా అడక్కూడదు. విరాళం అడగొచ్చు. ఇవ్వనివాళ్ల పిల్లల్ని మాత్రం పక్కన పెట్టకూడదు.

సుబ్బు_సాన్‌హోసే
కట్టలేనివాళ్లకి మాఫీ ఉంటుందిగా? మా దగ్గర ఫారం నింపితే చాలు.

లెక్కల_లలిత
మాఫీ పెట్టినా ఫీజు చెల్లదు, ఆ ముక్క కూడా చట్టంలోనే ఉంది. కారణం ఆలోచించండి. "మాకు లేదు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టి పిల్ల చేత టీచర్‌కి పంపాలి. ఎంతమంది పంపుతారు? చెల్లో పంపేస్తారు. పద్మజ గారి పక్క కుర్చీలో జరిగింది అదే.

పద్మజ_ఈస్ట్‌బే
లలిత గారూ, మీ మాట చదివి కడుపు తరుక్కుపోయింది. ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో నిజంగానే "ఇబ్బంది ఉంటే ఆఫీసులో కలవండి" అని ఉంది. ఇంగ్లీషులో. ఆ తల్లికి స్పానిష్ తప్ప రాదు.

ప్రసాద్_డాలస్
మా టెక్సాస్ లెక్క వేరు. ఇక్కడ మార్చింగ్ బ్యాండ్ (కవాతు చేస్తూ వాయించేది) ఫీజులు మామూలే, కొన్నిచోట్ల గుండె గుభేలుమనేంత. కానీ ఒకటి ఒప్పుకోవాలి, బడి పని గంటల్లోనే క్లాసు. బ్యాండైనా ఆర్కెస్ట్రా అయినా కోరస్ అయినా లెక్కలూ సైన్సూ లాగా పీరియడ్. హైస్కూల్ పాసవ్వాలంటే ఒక ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ తప్పనిసరి. మార్చింగ్ బ్యాండ్ చేస్తే పీటీ క్రెడిట్ కూడా కలిసొస్తుంది. 1984 నుంచి ఇంకో రూలు, ఏ సబ్జెక్టులో అయినా 70 కంటే తగ్గితే పోటీలకి ఎక్కనివ్వరు. మావాడికి కెమిస్ట్రీ చదవమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు, బ్యాండ్ డైరెక్టరే చూసుకున్నాడు.

మావాడిది ఒంటికి చుట్టుకునే పెద్ద బూర, సూసాఫోన్. అది కొనాలంటే కారు అమ్మాలి. బడిదే ఇస్తారు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటల్లో నేనూ మా ఆవిడా స్టాల్లో నాచోలు అమ్ముతాం, ఆ డబ్బు బ్యాండ్‌కి. ఆట నియమాలు ఇప్పటికీ తెలీవు, నాచోల మీద చీజ్ పొయ్యడం మాత్రం చేయి తిరిగింది.

హనుమ_న్యూజెర్సీ
ప్రసాద్ అన్నా, సూసాఫోన్ ఇంటికి తెచ్చుకుని సాధన చేస్తాడా? అపార్ట్‌మెంటా, ఇల్లా?

ప్రసాద్_డాలస్
ఇల్లే. పక్కింటివాళ్లు దేవుళ్లు.

గానలహరి
నేను ఇరవై ఏళ్లకు పైగా కర్ణాటక వయోలిన్ నేర్పుతున్నాను. నా మాట చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను. ముప్ఫై మందిని ఒక్క గదిలో కూర్చోబెట్టి వాయిద్యాలు చేతికిస్తే అది పాఠం కాదు. ఎవరి అపశ్రుతి ఎవరిదో టీచర్‌కే తెలీదు. సంగీతం గురువు ఎదురుగా కూర్చుని, ఒక్క స్వరం నిలబడేదాకా మళ్లీ మళ్లీ అనిపించుకుని నేర్చుకునేది. పైగా స్కూల్లో వయోలిన్ భుజం మీద పెట్టిస్తారు, మనం కింద కూర్చుని కుడి చీలమండ మీద ఆనిస్తాం. వాళ్ల తీగలు నాలుగూ నాలుగు స్వరాలు, మనవి స, ప, స, ప. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లలు నా దగ్గరికి వచ్చి నానా అవస్థ పడ్డారు. ఉచితమైనంత మాత్రాన మంచిది అయిపోదు.

పద్మజ_ఈస్ట్‌బే
గానలహరి గారూ, మీరన్నది కాదనను, మా అమ్మాయి గాత్రం కూడా నేర్చుకుంటోంది, ఆ తేడా నాకు తెలుసు. కానీ ఒకటి చూశాను, చెబుతాను.

పోయిన డిసెంబర్‌లో రిహార్సల్‌కి తొందరగా వెళ్లి వెనక నిలబడ్డాను. చెల్లోలకి ఒకచోట పన్నెండు బార్లు (పాటని సమానంగా కొలిచే ముక్కలు) ఏమీ ఉండదు, ఊరికే కూర్చోవాలి, పదమూడో దానికి సరిగ్గా అందుకోవాలి. పిల్లలు లెక్క తప్పుతున్నారు. మా అమ్మాయి విల్లు ఒళ్లో పెట్టుకుని కుడి చేత్తో తొడ మీద ఆది తాళం వేస్తోంది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఒక్కో వేలు ఒక్కో బార్. ఒక ఆవర్తనం అయ్యాక ఇంకో సగం, సరిగ్గా అందుకుంది. పక్కపిల్ల కళ్లు ఆ చేతి మీదే. మూడోసారికి ఆ పిల్ల కూడా తొడ మీద వేళ్లు వేస్తోంది. తాళం అనే మాట ఆ పిల్లకి తెలీదు. ఇద్దరూ కలిసి పదమూడో బార్ అందుకున్నారు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

అది గురువు ఎదురుగా ఒక్కత్తే కూర్చుంటే రాదు కదండీ? ఆ పిల్లే ఇప్పుడు లేదు.

సుబ్బు_సాన్‌హోసే
ఇది చదివాక కట్టేయండి అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి అనే ప్రశ్న అలాగే ఉంది. 1978లో ఆస్తిపన్నుకి కళ్లెం వేసినప్పట్నుంచి ఈ రాష్ట్రంలో బళ్లు ముందు కోసేది సంగీతం, బొమ్మలే. టీచర్‌ని తిట్టి లాభం లేదు, ఆయన దగ్గర తెగిన తీగ మార్చడానికి కూడా డబ్బుండదు.

లెక్కల_లలిత
టీచర్‌ని ఎవరూ తిట్టట్లేదండీ. డబ్బు ఉంది. 2022 నవంబర్‌లో మనమే ఓటేశాం, ప్రాప్ 28, అంటే ప్రజల ఓటుతో వచ్చిన చట్టం. బళ్లకి రాష్ట్రం హామీ ఇచ్చిన నిధుల్లో ఒక శాతానికి సమానమైన సొమ్ము, కళలకీ సంగీతానికీ విడిగా, ప్రతి ఏడాదీ. మొదటి ఏడాదే 90 కోట్ల డాలర్లకి పైన. అందులో 30 శాతం పేద పిల్లలు ఎంతమంది ఉన్నారన్న లెక్కన పంచుతారు. 500 మంది పిల్లలు దాటిన స్కూల్ డిస్ట్రిక్టులు 80 శాతం మనుషుల్ని పెట్టుకోవడానికే వాడాలి. ఉన్న ఖర్చు తగ్గించి దీంతో పూడ్చకూడదు, అదనంగా ఖర్చు పెట్టాలి. పద్మజ గారూ, మీ స్కూలుకి ఎంత వచ్చింది, దేనికి వాడారు అని బోర్డు మీటింగ్‌లో అడగండి. లెక్క ప్రతి ఏటా బయట పెట్టాలి.

ఈలోపు ప్రిన్సిపాల్‌కి ఫీజు మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, పేరు లేకుండా కూడా. తప్పని తేలితే కట్టిన ప్రతి తల్లిదండ్రులకీ తిరిగి ఇవ్వాలి, మీ ఒక్కరికే కాదు. ముందు మాత్రం వెళ్లి మాట్లాడండి. సగం బళ్లలో ఆఫీసువాళ్లకి ఈ చట్టం ఉన్నట్టే తెలీదు.

విజయనగరం_వీణ
గానలహరి గారికి ఒక మాట. మనకి వయోలిన్ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. అన్నగారు అక్కడి కోటలో దొరల బ్యాండు వాళ్ల పాటలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు. అవే నోట్టుస్వరాలు. ఇంగ్లండు రాజుగారి పాట వరసకి అమ్మవారి మీద కీర్తన కట్టేశారాయన. ఈనాటికీ చిన్నపిల్లలకి నేర్పుతున్నాం, మీరూ నేర్పే ఉంటారు. అంటే రెండు వందల ఏళ్ల క్రితమే మన పెద్దాయన బ్యాండు విని చెవులు మూసుకోలేదు.

మా విజయనగరం రాజులు సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. వయోలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ చేరదామని వెళ్తే, వాయింపు విని పాఠాలు చెప్పే ఉద్యోగమే ఇచ్చేశారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సంగీతానికి నలుగురు కలిసి కూర్చునే చోటు, జీతమిచ్చే నాథుడు ఉండాలని ఆ రాజులకి తెలిసింది.

గానలహరి
వీణ గారూ, నోట్టుస్వరాల మాట నిజం, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. అన్నీ శంకరాభరణం రాగం స్వరాల్లోనే ఉంటాయి కాబట్టి స్కూల్లో వాళ్లు నేర్పే మేజర్ స్కేలుకి సరిగ్గా అతుకుతాయి కూడా. కానీ శ్రుతి విషయంలో నా మాట మీదే ఉన్నాను. వారానికి ఒక్కసారైనా పిల్లని విడిగా వినాలి.

ప్రసాద్_డాలస్
అది ఒప్పుకుంటా మాస్టారూ. ఇక్కడ కూడా మంచి ప్రోగ్రాముల్లో విడిగా వింటారు. అది ఎక్కువగా డబ్బున్న పేటల్లోనే జరుగుతుంది, అదీ బాధ.

ఓరుగల్లు_టీచరమ్మ
మీ ముచ్చట్లన్నీ చదివిన. మాది వరంగల్ దిక్కు జిల్లా పరిషత్ హైస్కూల్, నేను సోషల్ చెప్త. మాకు చెల్లో లేదు, వయోలిన్ లేదు. మ్యూజిక్ టీచర్ పోస్టే లేదు. అయినా బృందం ఉన్నది, చెప్త వినున్రి.

రెండేండ్ల కింద పంద్రాగస్టుకు ఏదన్న చెయ్యాలని తొమ్మిదో తరగతి పిల్లలతోని డప్పు మొదలువెట్టిన. మా బడిల ఒక పిలగాడు, వారానికి మూడు రోజులు రాడు. వాళ్ల తాత డప్పు కొడ్తడు. తాతను బడికి పిలిచి కుర్చీ ఏసిన. ఆయన కూసోలె. నేలమీద గడ్డి మంట ఏసి డప్పులు కాపుకుంట, తోలు మీద వేలుతోని కొట్టి చూస్కుంట, "ఇంకొంచెం, ఇంకొంచెం" అనుకుంట నిలవడ్డడు. తోలు బిగిసినంక కుడిచేతిల చిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల వట్టించి ఒక దెబ్బ నేర్పిండు. పదహారు మంది ఒక్కటే దెబ్బ కొట్టేతందుకు నాలుగు దినాలు వట్టింది. ఐదో నాడు ఒక్కసారి పడ్డది. రేకుల షెడ్డు మోగిపోయింది. ఆఫీస్ రూంల సార్లందరు బయటికొచ్చిన్రు.

మర్నాడు ముగ్గురు తల్లిదండ్రులు వచ్చిన్రు. "మా పిల్లగానితోని డప్పు కొట్టిస్తరా టీచర్? అది మా పనా?" అన్నరు. ఏ కులం డప్పు కొడ్తది, ఏ కులం అడుగుతున్నది అని నేను ఇక్కడ రాసుడు అక్కర్లేదు, అందరికి ఎరుకే. నేను ఒక్కటే చెప్పిన, బడిల ఇది పాఠం, ఎవరి పని కాదు, అందరి పాఠం. ఇద్దరు ఒప్పుకున్నరు. ఒకాయన పిలగాన్ని మాన్పిచ్చిండు. ఆ పిలగాడు ఇప్పటికి కిటికీ బయట నిలవడి బెంచీ మీద వేళ్లతోని కొడ్తడు.

తాత మనుమడు ఇప్పుడు రోజు బడికొస్తున్నడు. లీడ్ వాడే.

పద్మజ_ఈస్ట్‌బే
టీచరమ్మా, ఆ కిటికీ బయట పిల్లాడూ మా ఖాళీ కుర్చీ ఒకటే అనిపిస్తోంది నాకు. ఒకచోట డబ్బు ఆపింది, ఒకచోట కులం.

కర్నూలు_లెక్చరర్
భావోద్వేగం బాగుంది గానీ, నిజాలు చూద్దాం. మా మండలంలో లెక్కల టీచర్ లేని హైస్కూళ్లు ఉన్నాయి. మరుగుదొడ్లకి నీళ్లు ఉండవు. ముందు అవి, తర్వాత డప్పులూ వయోలిన్లూ. ప్రభుత్వ బడికి సంగీతం అడగడం ఆకలేసినవాడికి తాంబూలం ఇచ్చినట్టు.

ఓరుగల్లు_టీచరమ్మ
సార్, మా బడిల కూడ నీళ్లు సరిగ రావు. నేను రెండిటికి కొట్లాడ్త. ముందు అది, తర్వాత ఇది అంటే మా పిల్లల వంతు ఎన్నడు రాదు. ప్రైవేట్ బళ్లల్ల కీబోర్డు, గిటార్ అని బోర్డులు పెడ్తున్నరు. మా పిల్లలకే తర్వాతనా?

లెక్కల_లలిత
తాంబూలం కాదండీ లెక్చరర్ గారూ. బడికి రాని పిల్లాడు వస్తున్నాడంటే అది అన్నమే.

గిరి_గ్లాస్గో
మాది గుడివాడ, ఇప్పుడు స్కాట్లండ్. ఇక్కడ కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) స్కూళ్లలో వాయిద్య పాఠాలకి ఒక్కో కౌన్సిల్ ఒక్కో రేటు వసూలు చేసేది. పక్క వీధి వేరే కౌన్సిల్ అయితే రేటు వేరు. 2021లో ప్రభుత్వం ఆ ఫీజులన్నీ ఎత్తేసి డబ్బు తనే ఇస్తోంది. మావాడు ట్రాంబోన్ పట్టింది ఆ తర్వాతే.

ఇంకోటి, స్టిర్లింగ్ పక్కన రాప్లాక్ అని బీద పేట. అక్కడ 2008లో బిగ్ నాయిస్ అని పిల్లల ఆర్కెస్ట్రా మొదలుపెట్టారు, అంతా ఉచితం. వెనిజులాలో పిల్లలకి ఉచితంగా ఆర్కెస్ట్రా నేర్పే ఎల్ సిస్టెమాని చూసి. 2012 జూన్‌లో, ఆ సిస్టెమాలోనే పెరిగిన కండక్టర్ గుస్తావో దుడామెల్ తన వెనిజులా ఆర్కెస్ట్రాతో వచ్చి ఆ పేట పిల్లలతో కలిసి ఆరుబయట కచేరీ చేశాడు. కుండపోత వాన. జనం కదల్లేదు.

హనుమ_న్యూజెర్సీ
ఎల్ సిస్టెమా అంటే 1975లో కారకాస్‌లో ఒక గ్యారేజీలో 11 మంది పిల్లలతో మొదలుపెట్టిందే కదా, హోసె అంటోనియో అబ్రేయు. ఆయన ఆర్థికశాస్త్రం చదువుకున్న మనిషి, మంత్రి కూడా అయ్యాడు. 2021లో వాళ్ల పిల్లలూ సంగీతకారులూ 8,573 మంది ఒకేసారి వాయించి గిన్నెస్ రికార్డు పెట్టారు. మన దగ్గర కూడా అలాంటిది ఒకటి ఉంటే!

కర్నూలు_లెక్చరర్
దాన్ని దేవుణ్ణి చేయొద్దు. డబ్బు ప్రభుత్వానిది కాబట్టి ప్రతి ప్రభుత్వమూ ఆ పిల్లల్ని తన ప్రచారానికి వాడుకుంది. 2017 నిరసనల్లో, అదే సిస్టెమాలో పెరిగిన, వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్దది) వాయించే కుర్రాడు, 18 ఏళ్లు, వీధిలో చనిపోయాడు. అప్పుడు దుడామెల్ ప్రభుత్వం మీద నోరు విప్పాడు. కొన్ని నెలలకే అతను పిల్లల ఆర్కెస్ట్రాతో అమెరికా వెళ్లాల్సిన పర్యటన రద్దయింది. ఉచితంగా ఇచ్చిన చెయ్యి తీసుకోగలదు కూడా.

గిరి_గ్లాస్గో
ఒప్పుకున్నా సార్. అందుకే లలిత గారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. నాయకుడి దయ కాదు, చట్టంలో రాసిన హక్కు, విడిగా నిధి.

కర్నూలు_లెక్చరర్
అలా అయితే నేనూ సంతకం పెడతాను.

హనుమ_న్యూజెర్సీ
టీచరమ్మ గారికి పనికొస్తుందేమో, వెనిజులాలో చిన్నపిల్లలకి ముందు కాగితం ఆర్కెస్ట్రా ఉంటుంది. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి అట్టలతో, కాగితం గుజ్జుతో వయోలిన్లు, చెల్లోలు చేస్తారు. పట్టుకోవడం, కూర్చోవడం, లేవడం, చేతి సైగ చూడటం వాటితోనే నేర్చుకుంటారు. అసలుది తర్వాత.

పీఈటీ_మాస్టారు_ఏలూరు
నేను రిటైరైన పీఈటీని. మా రోజుల్లో హైస్కూల్ బ్యాండ్ అంటే ఒక బేస్ డ్రమ్, నాలుగు సైడ్ డ్రమ్ములు, రెండు బిగిళ్లు, తాళాలు, పిల్లనగ్రోవులు. జనవరి 26కీ ఆగస్టు 15కీ బయటికి తీసేవాళ్లం, మిగతా రోజులు బీరువాలో. చర్మం చిరిగితే మళ్లీ వేయించడానికి డబ్బు రాదు, బ్యాండు ఆగిపోతుంది. కొన్నిచోట్ల ఆ డ్రమ్ములు ఇప్పటికీ స్టాకు రిజిస్టర్లో ఉంటాయి, గదిలో ఉండవు. వాయిద్యం కొనడం తేలిక, దాన్ని ప్రతి ఏడాదీ బతికించడానికి పద్దు కావాలి.

అయినా నిరాశ వద్దు. 2025 రిపబ్లిక్ డేకి దిల్లీలో జార్ఖండ్ పట్మదా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఆడపిల్లలు పైప్ బ్యాండ్ వాయించారు. సర్కారు బడి, పల్లెటూరి పిల్లలు. కేంద్రం ఏటా జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీలు పెడుతోంది, బాలికలకి విడిగా. టీచరమ్మా, మీ జిల్లా ఆఫీసులో అడగండి.

ఓరుగల్లు_టీచరమ్మ
అందుల డప్పు తీస్కుంటరా మాస్టారు?

పీఈటీ_మాస్టారు_ఏలూరు
నేను చూసినంతలో పైప్ బ్యాండ్, బ్రాస్ బ్యాండ్ అనే రెండే తీరులమ్మా. తీసుకోవాలని నా కోరిక.

పద్మజ_ఈస్ట్‌బే
ఇవాళ ప్రిన్సిపాల్‌ని కలిశాను. లలిత గారు చెప్పిన తీర్పూ చట్టమూ అచ్చుతీసి తీసుకెళ్లాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు, చదివి చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి అందరికీ కొత్త మెయిల్ వచ్చింది, ఇంగ్లీషులో, స్పానిష్‌లో. డబ్బు విరాళం మాత్రమే, ఇవ్వకపోయినా వాయిద్యం ఉంటుంది, కట్టినవాళ్లు కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. ప్రాప్ 28 లెక్క బోర్డు మీటింగ్‌లో అడుగుతాను, పేరు నమోదు చేయించాను.

ఆ పిల్ల ఇంకా రాలేదు. మెయిల్ వాళ్లమ్మ చూసిందో లేదో. రేపు స్కూల్ వదిలే వేళకి వెళ్లి నిలబడతాను. మా అమ్మాయికి కాస్త స్పానిష్ వచ్చు, నా మాట తను చెబుతుందట. ఆ పిల్ల చెల్లో స్టోర్‌రూమ్‌లో అలాగే ఉంది, దాని కేసులోని అట్టముక్క మీద పేరు కొట్టేయలేదని మా అమ్మాయి చూసొచ్చి చెప్పింది.

గానలహరి
పద్మజ గారూ, ఆ పిల్ల తిరిగి వస్తే చెప్పండి. ఇద్దర్నీ కూర్చోబెట్టి వారానికి ఒకసారి ఆన్‌లైన్‌లో శ్రుతి వింటాను. చెల్లో నాకు రాదు, చెవులు పనిచేస్తాయి. డబ్బు వద్దు.

ఓరుగల్లు_టీచరమ్మ
మంచి మాట చెప్పిన్రు. నాదొక్క చిన్న సందేహం. వానాకాలం తోలు డప్పు మెత్తవడ్తది, మంట ఏద్దామంటే హెచ్ఎం సార్ వరండల వద్దంటడు. ఫైబర్ డప్పు ఎవరన్న వాడిన్రా?

పీఈటీ_మాస్టారు_ఏలూరు
వాడామమ్మా. వాన భయం లేదు, బోల్టులు బిగించుకుంటే చాలు. మోత కాస్త పలచన. రోజూ సాధనకి అవి పెట్టుకోండి, పంద్రాగస్టుకి మాత్రం తాత చేత తోలువే కాపించండి.